నమూనా కారుకు నట్టు ఎంత ఉండాలి?

అమెరికాలో డ్రాగ్ రేసు అనే కార్ల పందెం ఉంది. రెండు కార్లు నిలిచిన చోటి నుండి ఒకేసారి బయలుదేరి తిన్నగా పరుగెత్తుతాయి. దూరం సాధారణంగా పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు.

అలాంటి కారు నమూనాను 1:25 నిష్పత్తిలో చేస్తున్నారనుకోండి. అసలు చక్రం నట్టు వెడల్పు 25 మి.మీ. అయితే నమూనాలో 1 మి.మీ. మాత్రమే! 16 మి.మీ. బోల్టుకు 0.64 మి.మీ. తీగ చాలు. ఇంతకన్నా పెద్దవి అతికిస్తే అది ఆటబొమ్మ చక్రంలా కనిపిస్తుంది.

బోల్టు కొన నట్టులోంచి కొంచెం బయటికి రావాలి. ఎందుకు? మరచుట్లు పూర్తిగా పట్టాయో లేదో తనిఖీదారుకు అప్పుడే తెలుస్తుంది.

చాలా కార్లలో వెనుక రిమ్ము అంచు చుట్టూ స్క్రూలు ఉంటాయి. ఆ టైర్లలో గాలి తక్కువ. బయలుదేరేటప్పుడు ఇంజను రిమ్మును విపరీతమైన బలంతో తిప్పుతుంది. టైరు మాత్రం నేలను పట్టుకొని ఉంటుంది. స్క్రూలు లేకపోతే రిమ్ము టైరులోనే జారి తిరుగుతుంది.

ఆరు పలకల సన్నని ప్లాస్టిక్ కడ్డీని పలుచని బిళ్లలుగా కోస్తే నట్లు తయారు. బ్లేడుతో జాగ్రత్త! అయిదు బోల్టులైతే కోణమానినితో 72 డిగ్రీలకొకటి గుర్తు పెట్టండి.

మరి 15 అంగుళాల రిమ్ము నమూనాలో ఎన్ని మిల్లీమీటర్లు? లెక్క కట్టండి.