డాబా అందరిదీ, వేడి మాత్రం మనదే

చెల్లీ, నువ్వు టాప్ ఫ్లోర్‌లో ఫ్లాటు కొన్నప్పుడే అనుకున్నా, ఏప్రిల్ రాగానే ఫోన్ చేస్తావని. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ సెగే నెత్తిమీదికి దిగుతుంది. డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిద్దామని మీటింగులో అడిగావు, గ్రౌండ్ ఫ్లోరాయన "మా ఇల్లు చల్లగానే ఉందమ్మా" అన్నాడు. మీ ఒక్కచోటేనా? హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్ ఏది చూసినా ఇదే వరస.

కింది ఫ్లోర్ల వాళ్లకు పర్యావరణం మీదేం కోపం లేదే. డబ్బులు అందరివీ, చల్లదనం మాత్రం పైవాళ్లదీ అని బాధ. కొందరేమో "రేపో మాపో బిల్డర్‌కిచ్చి కొత్తది కట్టించుకుంటాం, ఇప్పుడెందుకు ఖర్చు?" అంటారు. ఆ రేపు ఏళ్ల తరబడి రాదు! ఇక ఫ్లాటు అద్దెకిచ్చి ఎక్కడో ఉండే ఓనర్లకు అసలు పట్టదు. ఉడికిపోయేది అద్దెకున్న ఇల్లాలు, మీటింగులో చెయ్యెత్తేది ఓనరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి పైకప్పులు, అందులో 200 హైదరాబాద్‌లోనే అని లక్ష్యం. లక్ష్యం తనంతట తాను మీ మెట్లెక్కి రాదు కదా!

నన్నడిగితే పూత మాట ముందు ఎత్తకు. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దగ్గర లైట్లు... వీటి కరెంటు బిల్లు అందరి మెయింటెనెన్స్‌లోంచే పోతోంది. దానికి సోలార్ పెట్టిద్దామను. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇలాంటి ఉమ్మడి వాడకానికి అసోసియేషన్లకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. తన జేబులోనూ మిగులుతుందంటే కిందాయనా వింటాడు. ప్యానెళ్లు బిగించాక వాటి కింద లీకులు బాగుచేయడం నరకం. అందుకని ముందే లీకులు పూడ్పించి, ఆ ఊపులోనే తెల్ల పూత వేయించెయ్.

"వడియాలెక్కడ పెట్టుకోవాలి, బట్టలెక్కడ ఆరేసుకోవాలి?" అనే పిన్నిగార్లను చూసి నవ్వకు. డాబాను రోజూ వాడేది వాళ్లే. ప్లాను గీసేటప్పుడే వాళ్లకో మూల వదిలించు.

ఇంకోటి, దుమ్ము పడితే పూత పనితనం తగ్గిపోతుంది. ఎండాకాలానికి ముందు డాబా కడిగే పని వాచ్‌మన్ భార్య నెత్తిన పడేయకండి. దానికి విడిగా డబ్బివ్వాలని మినిట్స్ పుస్తకంలో రాయించు.