‘అడియేన్’ అను మాట

పఠన భాగములు: 1 సమూయేలు 3:1–10, 2 రాజులు 8:7–15, అపొ. కార్యములు 10:23–27

బాలుడైన సమూయేలు నాలుగవ పిలుపునకు ఇచ్చిన ప్రత్యుత్తరములో మన బైబిలు ‘నీ దాసుడు’ అనుచున్నది. తమిళ బైబిలులో ఆ చోట ‘అడియేన్’ అను ఒక్క మాటయే యున్నది. ‘అడి’ యనగా పాదము. మన ‘అడుగు’నకు చుట్టమే. చివరనున్న ‘ఏన్’, మన ‘దాసుడను’లోని ‘ను’వలె, నేను అని తెలుపును. కాగా పాదములయొద్దనున్న నేను అని భావము.

ఈ మాట క్రైస్తవులు కల్పించినది కాదు. తమిళ దేశపు శైవ వైష్ణవ భక్తులు బహుకాలమునుండి దీనిని పలుకుచున్నారు. సుందరరు శివభక్తుల పేళ్లు వరుసగా చెప్పుచు తాను వారికి అడియేనని చెప్పుకొనెను. మాణిక్యవాచకరు తన్ను కుక్కతో పోల్చుకొనెను. ఒక ఆళ్వారుకైతే తొండరడిప్పొడి, అనగా దాసుల పాదధూళి, అనునదే పేరాయెను. శ్రీవైష్ణవులు నేటికిని ‘నేను’ అనుటకు మారుగా అడియేన్ అందురు; తెలుగు వైష్ణవుల యిండ్లలోను ఇది వినబడును. ఎదుటివాని యిల్లు తిరుమాళిగ, తన యిల్లు గుడిసె! మేడయైనను గుడిసెయే.

మనకిది వింత కాదు. అబ్రాహాము తాను ధూళియు బూడిదెయు ననెను. మెఫీబోషెతు చచ్చిన కుక్కవంటివాడ ననెను. అయితే హజాయేలును ఎలీషాయెదుట తన్ను కుక్కయనియే చెప్పుకొనెను. మరునాడు తడిగుడ్డతో తన రాజు ముఖము కప్పి చంపెను. నోటి దీనత్వము అంత చౌక.

మరియొక సంగతి గలదు. ఇట్టి మాటనే మనుష్యులు తోటి మనుష్యులచేత బలవంతముగా పలికించిరి. మలయాళ దేశములో తక్కువ కులములుగా ఎంచబడినవారు పై కులములవారియెదుట ‘నేను’ అనకూడదు, ‘అడియన్’ అనవలెను. తమిళములో ‘అడిమై’ యనగా బానిస. 1843లో కుంపెనీ ప్రభుత్వము ఐదవ చట్టముచేత బానిసత్వమునకు చట్టబలము తీసివేసెను. మాట మాత్రము అంత త్వరగా నాలుకను విడువలేదు. తెలంగాణములో ‘బాంచను దొరా, నీ కాల్మొక్త’ అని మన పెద్దలు ఎట్టి భయముతో పలికిరో మన సంఘములకు మేము చెప్పనక్కరలేదు.

కావున అడియేన్ అనుచున్నది ఎవరి పాదములయొద్ద అని అడుగవలసియున్నది. పౌలు రోమా పత్రిక మొదటనే తన్ను క్రీస్తు దాసుడని వ్రాసికొనెను. మనుష్యులకు దాసులు కావద్దని కొరింథీయులకు వ్రాసినవాడును అతడే (1 కొరింథీ 7:23).

పాస్టరుగారి పాదములమీద పడు వాడుకగల గ్రామములలో మూడవ పఠన భాగమును కూటమందు బిగ్గరగా చదువవలెనని కోరుచున్నాము. కొర్నేలీ రోమా శతాధిపతి. పేతురు చేపలు పట్టిన వాడు. శతాధిపతియే వచ్చి జాలరి పాదములమీద పడెను. పేతురు అతనిని లేవనెత్తి, తానును నరుడనే యని చెప్పెను. ఆ మీదట వారిరువురు మాటలాడుకొనుచు లోపలికి వెళ్లిరి.