సముద్రంతో బేరాల్లేవు

కొవ్వూరు ఇప్పుడున్న తూర్పు గోదావరి జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కాకినాడ సొంత జిల్లా అయింది, అంతర్వేది కోనసీమలోకి వెళ్లింది, నరసాపురం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కొవ్వూరు మాత్రం గోదావరి దాటకుండానే పశ్చిమం నుంచి తూర్పుకు మారింది. తీరం లేకపోవడంలోనూ ఒక లాభం ఉంది. ఉప్పాడ కుర్రాడికి ఎంపిక ఉండదు, ఇంటి ముందున్నదే అతని సముద్రం. కొవ్వూరు వాళ్లకు రెండు మూడు గంటల దూరంలోనే ఒకదానితో ఒకటి పోలిక లేని రేవులున్నాయి, రైలెక్కితే విశాఖపట్నం ఉంది. కాబట్టి ఎంచుకోవాలి. మనిషి ఎలాంటివాడో బయటపడేది అక్కడే.

గోష్పాద క్షేత్రం మెట్ల మీద నలుగురు కూర్చుని లోతు సముద్రంలో గేలం వేటకు ప్లాను వేస్తున్నారనుకోండి. మొదట వచ్చేది ఊరి పేరే. "అండమాన్ పోదాంరా!" ఎందుకంటే ఎవరో రీల్‌లో బారెడు చేపను ఎత్తి పట్టుకున్నారు. తర్వాత ఎవరికి ఎప్పుడు సెలవు, తలా ఎంత పడుతుంది, ఎవరి కారు. గాలి, ఒళ్లు, చట్టం... ఇవన్నీ పడవెక్కే ముందు గుర్తొస్తాయి. ఉద్యోగం మారడం, స్థలం కొనడం, పిల్లను కాలేజీలో చేర్చడం కూడా ఇదే వరసలో నడిపి తర్వాత తల పట్టుకునేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. ఇష్టాలు ముందుకొస్తాయి, బేరానికి లొంగనివి చివరికి పోతాయి. ఈ వరస తిరగెయ్యండి. మీరు ఎంత బతిమాలినా మారనివాటిని ముందు అడగండి. ఊరి పేరు ఆ తర్వాతే. డబ్బూ సెలవూ లాంటి కాస్త సర్దుకునేవి అన్నిటికంటే చివర.

మొదటిది క్యాలెండర్. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. మన పిల్లల పరీక్షలైపోయి, ఇంట్లో అందరికీ కాళ్లు దురద పెట్టేది సరిగ్గా అప్పుడే! నిషేధం ఎత్తేసే వేళకు నైరుతి గాలి అందుకుంటుంది. ఆ వెనకే గోదావరి వరద, సముద్రంలో చాలా దూరం దాకా ఎర్రనీరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014లో విశాఖను హుద్‌హుద్ కొట్టింది అక్టోబరు 12న. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారుల కుటుంబాలు భైరవపాలెం చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. పుట్టుకతో సముద్రం తెలిసినవాళ్లకే అలా జరిగింది. ఇవన్నీ కొట్టేయగా మనలాంటి సరదా వేటగాళ్లకు మిగిలేది సంక్రాంతికీ ఉగాదికీ మధ్య కాలం. చూశారా, ఒక్క ప్రశ్నతో సగం వాదనలు తెగిపోయాయి. ఎవరికీ కోపం కూడా రాలేదు, కాదన్నది మీరు కాదు కనక.

రెండోది ఒళ్లు. గోదావరి గట్టున పెరిగినవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు. ఈత వచ్చు, పడవ తెలుసు, వరదలు చూశారు. ఆ ధైర్యంతోనే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే నది దగ్గర నేర్చుకున్నది నది దగ్గరే పనికొస్తుంది. కడుపులో తిప్పడానికీ ఈతకూ సంబంధం లేదు. "మనం ఊగుతున్నాం" అంటుంది లోపలి చెవి, "లేదు, ఈ చెక్క కదలడం లేదు" అంటుంది కన్ను. ఇద్దరి తగువులో నలిగేది కడుపు. మాత్ర వేసుకోవాలంటే డాక్టరునడిగి పడవెక్కడానికి ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. బోటు మధ్యలో, డీజిలు పొగకు దూరంగా కూర్చుని, ఆకాశం నీళ్లు కలిసే గీత మీద చూపు నిలపాలి. ఇంకా మంచి పని ఏమిటంటే, రోజంతా పోయే యాత్రకు ముందు ఒక పూట చిన్న యాత్ర చేసి చూసుకోవడం. పదిమందిలో పరువు పోతుందని ఈ పరీక్ష ఎగ్గొట్టినవాడి పరువే నడిసముద్రంలో అందరికంటే ముందు పోతుంది.

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. మీకు నిజంగా ఏం కావాలి? "చేప పట్టాలి" అన్నది జవాబు కాదు. పండుగప్ప గేలానికి తగలాలని కోరికైతే లోతు సముద్రం అక్కర్లేదు. అది ఉప్పునీరూ మంచినీరూ కలిసే పాయల్లో, మడ అడవుల అంచుల్లో తిరిగే చేప. కోరంగి, యానాం వైపు కాలవల్లో ఓపిగ్గా కూర్చుంటే చాలు. పులస మీద మనసైతే అది వల పని, వరద నాటి పని, పైగా నదిలో పని. వంజరం కావాలా, సూర కావాలా, కొమ్ముకోనెం లాగితే చెయ్యి ఎలా నొప్పెడుతుందో చూడాలా? అప్పుడు లోపలికి పోవాల్సిందే. అసలు చేపతో పనే లేదు, ఒడ్డు కనపడని చోట ఒక పగలు గడపాలి అంతే అనేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లకు గేలం కొనడం దండగ. నలుగురి గుంపులో ఈ నాలుగు కోరికలూ ఉండి, ఎవరూ బయటికి చెప్పకపోతే ఎక్కడికెళ్లినా ముగ్గురు మొహం ముడుచుకుని తిరిగొస్తారు. అందరిచేతా కాగితం మీద ఒక్క వాక్యం రాయించండి. మాట్లాడితే పెద్ద గొంతు వాడిదే నెగ్గుతుంది, రాయిస్తే నోరులేనివాడి కోరికా కనపడుతుంది.

ఇప్పుడు ఊళ్లు. లోతుకూ దూరానికీ లంకె పెట్టేసుకుంటాం మనం. ఎంత దూరం పోతే అంత లోతని. కాకినాడ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో గ్యాసు బయటపడ్డ చోట్లు తీరానికి పదుల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, అక్కడ కొన్ని చోట్ల నీటి లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. అదే బెంగాల్ వైపు వెళ్తే వంద కిలోమీటర్లు పోయినా సముద్రం ఇంకా లోతు తక్కువగానే ఉంటుంది. (గ్యాసు ప్లాట్‌ఫారాల నీడన చేపలు బాగా చేరతాయని ఎవరో ఊరిస్తారు. వాటి చుట్టూ 500 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ మాట విననట్టే ఉండండి.) కాకినాడకు ఇంకో గుణం ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవునా అడ్డం పడుకుని అఖాతాన్ని కాస్తుంది. బయల్దేరినప్పుడు నీళ్లు చెరువులా ఉంటాయి, అందరూ సెల్ఫీలు దిగుతారు, ఇడ్లీలు తింటారు. దీవి కొస దాటాక అసలు అల తగులుతుంది. మొదటి గంట చూసి ధైర్యం లెక్కగట్టేవాళ్లకు కాకినాడ మంచి బడి.

అంతర్వేది, నరసాపురం వైపు కథ వేరు. అక్కడ వశిష్ఠ గోదావరి మొగ దాటాలి. మొగలో ఇసుక మేటలు వేస్తుంది, నిరుడు ఉన్న దారి ఈ ఏడు ఉండకపోవచ్చు. పోటు వేళ చూసుకునే బోటు బయటికి పోవాలి, లోపలికి రావాలి. "ఆరింటికి బయల్దేరి నాలుగింటికి ఇంట్లో ఉండాలి" అనే గడియారం మనుషులకు అది సరిపడదు. అన్నాచెల్లెళ్ల గట్టు చూసి, నరసింహస్వామి దర్శనం చేసుకుని వచ్చేస్తే వాళ్లకు ప్రాణం హాయి. ఆగడం చేతనైనవాళ్లు మాత్రం ఇటే రావాలని నా ఓటు.

విశాఖలో నది మొగ గొడవ లేదు. డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి తిన్నగా బయటికే. కాస్త దక్షిణంగా పూడిమడక వాళ్లు గేలంతో సూరను పట్టడంలో ఆరితేరినవాళ్లు, వాళ్ల మాట విన్నా చాలు నాలుగు పుస్తకాలు చదివినంత. విశాఖకు ఇంకో పాత సంగతి ఉంది, ఎంపికల గురించి ఆలోచించేవాళ్లకు పనికొచ్చేది. 1980ల్లో రొయ్యల కోసం ఇక్కడి నుంచి బయల్దేరిన పెద్ద ట్రాలర్లలో చాలా భాగం బెంగాల్ దగ్గర శాండ్‌హెడ్స్ మీదే పడ్డాయి. ఒకరికి లాభం వచ్చిందని మరొకరు, వాళ్లను చూసి ఇంకొకరు. 90లు గడిచేసరికి రాబడి ఖర్చులకు చాలక ఎన్నో పడవలు రేవులోనే కట్టేసి ఉండిపోయాయి. సముద్రం చాలా పెద్దదే, చోటు మాత్రం అందరూ ఒకటే ఎంచుకున్నారు.

అండమాన్ గొప్పదే. ఒడ్డు వదలగానే లోతు, నీళ్లు అద్దం. రాజధానిలో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. మొదటి యాత్రకే అంత ఖర్చు, అన్ని రోజులు పెట్టి, రెండో గంటకే బకెట్ పట్టుకుని కూర్చోవడం ఎందుకన్నదే నా సందేహం.

ఊరు తేలాక పడవ. చేపల వేటకు లైసెన్సు ఉన్న బోటు జనాన్ని తిప్పే బోటు కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. 2008లో ముంబైపై దాడి చేసినవాళ్లు వచ్చింది కుబేర్ అనే చేపల బోటును ఎత్తుకొచ్చే. అప్పటి నుంచి తీరంలో గుర్తింపు కార్డుల తనిఖీ గట్టిగానే ఉంది. అనుమతి సంగతి మత్స్యశాఖ ఆఫీసులోనో మెరైన్ పోలీసు స్టేషన్‌లోనో ముందే కనుక్కోండి. మీకు నచ్చిన రేవులో అనుమతి ఉన్న పడవ దొరక్కపోతే ఆ రేవు మీది కాదు, పక్కదానికి వెళ్లండి. బోటు దొరికాక సరంగును ఒకటే ప్రశ్న వేయండి: "ఏ రోజు పడవ తియ్యరు?" "ఆయ్, మీరు ఎప్పుడంటే అప్పుడేనండి" అంటే నమస్కారం పెట్టి లేచి రండి. "దక్షిణం గాలి జోరైతే ఎంతిచ్చినా రానండి" అనేవాడు మీ మనిషి. పనిలో, స్నేహంలో కూడా మీకు "వద్దు" అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ సందర్భంగా ఒకసారి లెక్కేసుకోండి, ఏం పోయింది!

బయల్దేరే ముందు మూడు రోజుల నుంచీ హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనా చూడండి. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడినీ నాచునీ బట్టి చేపలు ఎక్కడ గుమిగూడే వీలుందో కూడా వాళ్లే చెబుతారు, తెలుగులోనే. రేవులో ప్రమాద హెచ్చరిక సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన తుపాను పుట్టే సూచన ఉందని అర్థం. బతుకుతెరువు కోసం వెళ్లేవాళ్లు దానితో ఏం చేస్తారో వాళ్ల ఇష్టం, సరదాకు వెళ్లేవాళ్లకు ఒకటే చాలు ఇంటికి తిరగడానికి. వెనక్కి తిరుగుదామనే మాట ఎవరిదో ఒడ్డునే తేల్చుకోండి, ఆ ఒక్కరి మాట మీద ఓటింగు పెట్టకండి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు. ఫోనులో కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093 వేసుకోండి.

ఇక డబ్బు. బేరమాడాల్సింది ఇక్కడ, అదీ గట్టిగా. గోదారోళ్లకు నేర్పేదేముంది! సరంగు వద్దంటే అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారు, తేదీ మార్చుకుంటే పాత రేటేనా, ఐసూ ఎరా ఎవరి ఖర్చు, పట్టిన చేప ఎవరిది. అన్నీ కాగితం మీదకు రావాలి, ముఖ్యంగా ఆ చివరిది. వంజరం కిలో ధర చూశాక నోటిమాటగా చెప్పుకున్నది ఎవరికీ గుర్తుండదు.