టైమింగ్ బెల్టు – వాటర్ పంపు

కారు ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరచి మూసే క్యామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. అనేక ఇంజనులలో ఈ లయను కాపాడేది పళ్ళు గల రబ్బరు పట్టీ. అదే టైమింగ్ బెల్టు.

బెల్టు తెగితే పెక్కు ఇంజనులలో పిస్టనులు తెరచి ఉన్న వాల్వులను ఢీకొని వాటిని వంచివేస్తాయి. తెగే ముందు అది తరచుగా ఏ హెచ్చరికా చేయదు. కావున తయారీదారు సూచించిన దూరం గాని, కాలం గాని ముగియకముందే దానిని మార్చాలి.

పలు వాహనాలలో వాటర్ పంపును తిప్పేదీ ఈ బెల్టే. పంపు బిగుసుకుపోతే కొత్త బెల్టు సైతం తెగవచ్చు. పైగా రెండింటికీ విప్పవలసిన భాగాలు దాదాపు ఒకటే. అందుచేత రెండింటినీ ఒకేసారి మార్చడం వివేకం.

ఇంటివద్ద ఈ పనికి పూనుకొనేవారు ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ తీగ తొలగించి, కూలెంటును పాత్రలోకి దించాలి. పుల్లీలపై గల గుర్తులను కలిపిన పిమ్మటే పాత బెల్టును తీయాలి. కొత్త పంపును, బెల్టును అమర్చిన వెంటనే ఇంజను స్టార్టు చేయరాదు. పానాతో క్రాంక్‌షాఫ్టును ఇంజను తిరిగే దిశలో రెండు చుట్లు తిప్పి, గుర్తులు తిరిగి కలిశాయో లేదో పరీక్షించాలి. అడ్డు తగిలితే బలం ప్రయోగించక, బెల్టు తీసి మళ్ళీ అమర్చాలి.

ప్రశ్న: బెల్టును, పంపును ఒకేసారి మార్చడం ఎందుకు వివేకమో వివరించండి.