డ్యూటీ దిగాక అద్దం ముందు

దేవరకొండలో షటర్ దించి ఇంటికి పోయేవాళ్లూ, బడి నుంచి బస్సు దిగే టీచర్లూ నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది: "బొమ్మలు వేయాలని ఉంది సార్, ఎక్కడ మొదలుపెట్టాలె?" మీ మొహంతోనే మొదలుపెట్టండి అంటాను. పైసా ఖర్చు లేదు, పిలిస్తే పలుకుతుంది. వాన్ గో చేసిందీ అదే. మోడళ్లకు ఇచ్చే స్తోమత లేక, అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ ముప్పైకి పైగా సార్లు వేసుకున్నాడు. 1889లో వేసుకున్న దాంట్లో కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనబడుతుంది. కోసుకున్నది మాత్రం ఎడమ చెవి. అంతా అద్దం మహిమ! మీ పాపిడి అటుదిటైతే కంగారుపడకండి.

గురువు కోసం అంతదూరం పోనక్కర్లేదనుకోండి. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం ఉన్నారు. పెద్ద బొట్టు, పసుపు పూసిన మొహం, ముదురు చీర కట్టిన ఆయన తెలంగాణ ఆడవాళ్లను చూడనివాళ్లు తక్కువ. చాలామంది ఆ బొట్టునూ ముక్కుపుడకనూ ఎత్తుకొచ్చి తమ బొమ్మకు తగిలిస్తారు. అది వేషం. ఆయన దగ్గర నేర్వాల్సింది పొదుపు: నాలుగైదు రంగులు, తడబడని గీత. మిగతా సామాను మీ పనిలోంచే రావాలి.

నాకు తెలిసిన ఒక టైలర్ తమ్ముడు కత్తిరించగా మిగిలిన చొక్కా ముక్కలతో తన బొమ్మకు చెంపలు చేశాడు, నల్లదారం కొసలతో మీసం పెట్టాడు. మెడలో అసలు టేపే అతికించాడు. దాని మీద 14 నుంచి 17 దాకా అంకెలు అరిగి తెల్లబడ్డాయి. కాలర్ కొలతలు పడేది అక్కడే కదా! ఆ నాలుగు అంకెలు చూస్తే ఇరవై ఏళ్ల పని కనబడింది నాకు.

ఇలాంటి అతికింపు బొమ్మ ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. రోజుకు అరగంట చొప్పున వారం పెట్టుకోండి. జిగురు రాత్రంతా ఆరితేనే పై పొర నిలుస్తుంది. మొదటిరోజు గట్టి అట్ట మీద బొగ్గుతో మొహం గీయండి. కళ్లు తలకు సరిగ్గా సగం ఎత్తులో వస్తాయి. కొత్తవాళ్లు వాటిని నుదుటి మీదికి ఎక్కిస్తారు. ఫోన్ సెల్ఫీ చూసి గీయకండి, దగ్గరినుంచి తీస్తే ముక్కు ఉబ్బిపోతుంది.

రెండోరోజు నుంచి అతికింపు. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి కాగితం ముక్కలకు కింద, పైన పూయండి. అట్ట వంకర తిరిగితే వెనకవైపు కూడా ఒక కాగితం అంటించండి, అది ఇటు లాగి సరిచేస్తుంది. కాటన్ గుడ్డ బాగా పడుతుంది, పాలిస్టర్ లేచిపోతుంది. తండా నుంచి వచ్చే ఆడబిడ్డలు తమ కుట్టుపనిలోని అద్దాలు పెట్టాలనుకుంటే, అద్దాన్ని ముందు గుడ్డకు కుట్టి ఆ గుడ్డను అతికించాలి. నున్నటి గాజును ఫెవికాల్ పట్టుకోదు.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. ఏటీఎం చీటీలు సన్నగా చింపి నా బొమ్మకు గడ్డం పెట్టాను. ఉగాదికి పెట్టిన నల్లగడ్డం దసరాకల్లా తెల్లబడింది. అవి వేడితో అచ్చయ్యే కాగితాలు, అక్షరాలు వెలిసిపోతాయి. ముందే జిరాక్స్ తీసి వాడండి. ఆ నలుపు నీటికి చెదరదు కూడా. ఆఫీసు ఫైళ్లు, పిల్లల మార్కుల షీట్లు, వేరొకరి పేరున్న రసీదులు మాత్రం ముట్టొద్దు. బొమ్మ బాగున్నా ఉద్యోగానికి ఎసరు.

రంగుకు ఇంటి గోడకు పూసే జాజు చాలు. పలుచటి గుడ్డలో జల్లించి, ఫెవికాల్ నీళ్లతో కలిపితే దేవరకొండ ఖిల్లా గుట్టల కింద మట్టి లాంటి ఎరుపొస్తుంది. నలుపు, తెలుపు, పసుపు అక్రిలిక్ చిన్న ట్యూబులు కొనుక్కోండి. నూనె పాస్టెల్ వాడితే చివరికే వాడండి, దాని మీద అక్రిలిక్ నిలవదు. ఆఖరున కన్ను, ముక్కు, దవడ చుట్టూ నల్లగీత ఒక్క ఊపులో లాగండి. చేయి వణికితే వణకనివ్వండి. సరిదిద్దుతూ కూర్చుంటే గీత చస్తుంది.

ఆరాక వెనక తేదీ, వాడిన సామాను రాసి గోడకెక్కించండి. ఎండ పడే వరండాలో వద్దు. జాజు తట్టుకుంటుంది గానీ చొక్కా ముక్క వెలుస్తుంది.