రోజూ కడిగితే ఫిల్టర్ పనిచేయదు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఈతకొలను ఇసుక ఫిల్టర్‌కు రోజూ బ్యాక్‌వాష్ చేయిస్తున్నాం. అయినా నీళ్లు మసకగానే ఉంటున్నాయి. ఇసుక మార్చాలా?

జవాబు: ముందు ఆ రోజువారీ కడుగుడు ఆపించండి. రేణువుల మధ్య కాస్త మురికి పేరుకున్నప్పుడే సన్నని నలుసులు చిక్కుతాయి. అతిగా కడిగిన ఇసుక వాటిని వదిలేస్తుంది. బ్యాక్‌వాష్ అయ్యాక ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో ట్యాంకు మీదే రాసిపెట్టండి. అక్కడి నుంచి 8–10 పీఎస్ఐ పెరిగితేనే మళ్లీ కడగాలి. గాజు గొట్టంలో నీరు తేటపడేదాకా, అంటే రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత అర నిమిషం రిన్స్. చాలాచోట్ల దీన్నే ఎగ్గొడతారు, మిగిలిన మురికి కొలనులోకే పోతుంది.

వాల్వు పిడిని పంపు ఆపాకే తిప్పుతున్నారా? నడుస్తుండగా తిప్పితే లోపలి గాస్కెట్ దెబ్బతిని, కొంత నీరు వడకట్టకుండానే వెనక్కి వస్తుంది. నా అనుమానం దాని మీదే, విప్పించి చూడండి. పీహెచ్ 7.2–7.6 మధ్య ఉందో లేదో, క్లోరిన్ సరిపోతోందో లేదో కూడా పరీక్షించండి.

ఇసుక సాధారణంగా 5–7 ఏళ్లు వస్తుంది. మార్చాల్సి వస్తే తయారీదారు చెప్పిన సైజు సిలికా ఇసుకే పోయించండి, ఇల్లు కట్టే ఇసుక వద్దు.