ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎందుకు రావాలి?



ఆపరేషన్ చేయడంతో సర్జన్ పని అయిపోదు. అది నిలిచిందా, లేకపోతే ఎందుకు నిలవలేదు అని వెదకడమే పరిశోధన.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠురోగుల చేతులు ఎన్నో పరీక్షించి, వేళ్లు వంకరపోయినా ముంజేతి కండరాలు కొన్ని బాగానే ఉంటాయని గమనించారు. వాటి సాయంతో వేళ్లు మళ్లీ పనిచేసేలా ఆపరేషన్లు చేశారు. కొందరికి చేతులపై మళ్లీ పుండ్లు కనిపించాయి. కారణం వెదికితే, స్పర్శ లేక వేడి పాత్రలు పట్టుకోవడం, పనిముట్లను గట్టిగా నొక్కడం అని తేలింది. రోగులు మళ్లీ కనబడబట్టే ఇది తెలిసింది.

ఇటువంటి పనికి అడ్డంకులు చాలా ఉన్నాయి. రోజంతా ఓ.పి., ఆపరేషన్లు ఉంటే రాసుకునే తీరిక ఉండదు. కేసు షీటు సగమే నింపితే పనికిరాదు. మన అనంతపురం ప్రాంతంలో వానలు లేని ఏడు, కుట్లు తీయగానే చాలామంది బెంగళూరుకు పనికి వెళ్లిపోతారు. గాయం చీము పట్టిందేమో 30 రోజుల వరకైనా చూడాలి. రానివారంతా బాగున్నారని రాసుకుంటే లెక్క తప్పుతుంది, తర్వాతి రోగికి నష్టం.

మీరు చేయవలసినవి:

1. చెప్పిన తేదీకి రండి. రాలేకపోతే ఫోను చేయండి.
2. డిశ్చార్జి చీటీ, ఎక్స్‌రేలు భద్రపరచండి.
3. చీము, జ్వరం, నొప్పి దాచవద్దు. వేరే ఆసుపత్రిలో చూపించుకున్నా చెప్పండి.
4. పరిశోధనలో చేరమంటే కాగితం చదివించుకొని, అర్థమయ్యాకే వేలిముద్ర వేయండి. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. అందువల్ల మీ వైద్యం ఆగకూడదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్